గూనపెంకల కింద చల్లదనం, స్లాబు కింద కరెంటు బిల్లు

రామప్ప గుడికి పోయిన ప్రతిసారీ గైడ్లు ఒక ముచ్చట తప్పకుండా చెప్తారు. గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుందని. పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, మనం నంది దగ్గర ఫోటో దిగి పులిహోర పొట్లం విప్పుకుంటాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ ఇటుకకు ఇంకా పేరొచ్చింది. శిఖరం బరువు తగ్గడానికి అలాంటి ఇటుక వాడారు. బరువు ఎందుకు తగ్గిందంటే దాని నిండా సన్నటి రంధ్రాలు, ఆ రంధ్రాల నిండా గాలి.

నాకు మాత్రం ఆ ఇటుకను చూస్తే హాట్‌బాక్సు గుర్తొస్తుంది. నవ్వకండి. గాలి కదలకుండా చిక్కుకుని ఉన్నచోట వేడి తొందరగా దాటదు. హాట్‌బాక్సులో చపాతీలు వేడిగా ఉండేది అందుకే. చలికాలం బొంత వెచ్చగా ఉండేదీ అందుకే. ఇప్పుడు పట్నంలో అపార్ట్‌మెంట్లకు వాడుతున్న తెల్లటి తేలిక బ్లాకుల్లోనూ అదే సూత్రం. ఎనిమిది వందల ఏళ్ల కింద మన దగ్గర గాలిని ఇటుకలో నింపడం తెలిసినవాళ్లున్నారు. ఇవాళ మనం ఏప్రిల్ వచ్చిందంటే పెనం లాంటి స్లాబు కింద కూర్చుని కూలర్‌లో నీళ్లు పోసుకుంటున్నాం. మధ్యలో ఏం జరిగిందో చూద్దామనే ఈ రాత.

మేముండేది జనగామలో. అత్తగారి ఊరు పాలకుర్తి వైపు. అమ్మవాళ్లది మహబూబాబాద్. మా పాతకాలపోళ్లు ఇంకా మానుకోట అనే అంటారు. ఆడబిడ్డ సంసారం భూపాలపల్లిలో, వాళ్లాయన బొగ్గుబాయి ఉద్యోగి. 2016 అక్టోబర్ 11 దాకా ఈ మూడూ ఒకే వరంగల్ జిల్లా. ఇప్పుడు మూడు జిల్లాలు, మూడు కలెక్టరేట్లు. ఎండ మాత్రం పంచుకోలేదు, అందరికీ పూర్తిగానే వస్తుంది.

ముందు గూనపెంకుటిల్లు సంగతి.

గూనపెంకను కుమ్మరి సారె మీదే చేసేవాళ్లు. ఒక కొస సన్నగా, ఒక కొస వెడల్పుగా గొట్టంలా తీసి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా రెండుగా చీల్చి, ఆరబెట్టి ఆవంలో కాల్చేవాళ్లు. ఇంటి మీద ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఇంకో వరుస బోర్లా పరుస్తారు. రెండు వరుసల మధ్య, పెంకకూ పెంకకూ మధ్య అంతా గాలే. పై పెంక ఎండకు కాగినా కింది పెంకకు ఆ వేడి పూర్తిగా దిగదు. కాగిన గాలి సందుల్లోంచి పైకి వెళ్లిపోతుంది. వంటింటి పొగ కూడా అట్లాగే పోయేది. పొగ పట్టిన వాసాలకు పురుగు పట్టదని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. వాసాలు నల్లగా మెరిసేవి గానీ గట్టిగా ఉండేవి.

గోడల సంగతి ఇంకా బాగుంటుంది. అత్తగారింటి మట్టిగోడ మందం మూరకు తక్కువ లేదు. పొద్దున ఎండ తగిలిన వేడి ఆ గోడలో నడిచి నడిచి లోపలికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. పండుగకు ముందు సున్నం వేస్తే తెల్లటి గోడ ఎండను తిప్పికొడుతుంది. అడుగున జాజు పట్టీ. నేల పేడతో అలికితే ఆ తడి ఆరేటప్పుడు కొంత వేడిని తీసుకుపోతుంది. కాస్త ఉన్నవాళ్లయితే భవంతి ఇల్లు. నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ అర్రలు. అర్రల్లో కాగిన గాలికి పైకి పోయే తోవ ఆ వాకిలే.

ఇంతవరకు అందరూ చెప్పేదే. వేసవి రాగానే వాట్సాప్‌లో తిరిగే "పాత ఇల్లే నయం" మెసేజీల్లోనూ ఇదే ఉంటుంది. అక్కడ నాకొక పేచీ ఉంది.

మొదటిది, వేసవి రాత్రి ఆ ఇంట్లో ఎవరూ పడుకోలేదు. వాకిట్లో నీళ్లు చల్లి, నులక మంచాలు వేసి, ఇంటిల్లిపాదీ ఆరుబయటే. మధ్యాహ్నం నీడకు ఇల్లు, రాత్రి గాలికి వాకిలి. ఈ రెండూ కలిస్తేనే ఆ చల్లదనం. ఇప్పుడు మనం వాకిట్లో పడుకోగలమా? జనగామలో మా గేటు ముందు డ్రైనేజీ కాలువ, దాని పక్కన బైకులు. పాతింటిని సగమే తెచ్చుకుని చల్లదనం మొత్తం రావాలంటే రాదు.

రెండోది, ఆ చల్లదనం కోసం చాకిరీ చేసింది ఎవరు? వారానికోసారి అలుకుడు మనదే. పుట్టమన్ను తెచ్చి, పేడ కలిపి, గోడ పెచ్చులూడినచోట మెత్తేది మనమే. పండుగకు సున్నం, జాజు కూడా చాలా ఇళ్లల్లో ఆడవాళ్ల చేతుల మీదే. మిరుగు రాకముందే పెంకలు తీసి, విరిగినవి మార్చి ఇల్లు కప్పించాలి. ఆ వారం రోజులు సామానంతా వాకిట్లో, వంట చెట్టు కింద. అంత చేసినా మొదటి వానకు ఎక్కడో ఉరిసేది. "రాత్రి వానొస్తే నిద్రలుండేటివా? గిన్నె ఇక్కడ పెట్టు, గంజు అక్కడ పెట్టు, ఇదే పని" అంటుంది అత్తమ్మ. పెంకల్లోంచి తేళ్లు పడేవి, పాములు దిగేవి. పసిపిల్లను ఉయ్యాలలో వేసి పైకి చూసుకుంటూ పని చేసుకున్న తల్లులు మన ముందు తరమే.

పెంకుటిల్లన్నా కొంత నయం. మహబూబాబాద్ తండాల్లో, భూపాలపల్లి అడవి అంచు ఊళ్లలో చాలామందికి ఉన్నది తాటికమ్మల గుడిసెలు, గడ్డి ఇళ్లు. చల్లదనంలో వాటిని మించింది లేదు. కానీ ఒక్క నిప్పురవ్వ, కొంచెం గాలి చాలు, వరుసకు వరుస బూడిద. ఎండాకాలం గుడిసెలు కాలిన వార్త లేని ఏడాది మా చిన్నప్పుడు లేదు. గుడిసె చల్లదనం గురించి గొప్పగా మాట్లాడేముందు అందులో బియ్యం బస్తా, పెళ్లి చీర, పిల్లల సర్టిఫికెట్లు పెట్టుకుని బతికిన మనిషిని అడగాలి.

ఇక గడీలు. మా జనగామ వైపు గడీ అంటే విసునూరు పేరే ముందు వస్తుంది. డంగు సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఎత్తయిన కప్పులు, లోపలి వాకిళ్లు. చల్లదనానికి ఏ లోటూ లేని కట్టడాలు. కానీ ఆ కాలంలో దొర ఇంటి పనంతా వెట్టి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఊరికే ఇయ్యాలి, ఎవరి కులానికి ఏ పని రాసిపెట్టి ఉంటే అది కూలి లేకుండా చేసి రావాలి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు పడిపోయింది ఆ గడీ మనుషుల చేతిలోనే. పాలకుర్తి ఐలమ్మ తన పొలం పంట కోసం నిలబడింది ఆ దొర మీదనే. కరెంటు ఖర్చు లేకుండా ఇల్లు చల్లగా ఉండేదని గడీని చూపించి ఎవరైనా మెచ్చుకుంటే, ఖర్చు లేకపోవడం కాదు, ఆ ఖర్చు వేరేవాళ్లు కట్టారు అని చెప్పాలనిపిస్తుంది.

రైలు వచ్చాక ఇళ్ల రూపం మారింది. నిజాం రైలు 1889కి బెజవాడ దాకా చేరింది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ అన్నీ ఆ దారిలోనివే. రైలుతో ఎక్కడెక్కడి సామానో మన ఊళ్లకు రాసాగింది. షాబాదు బండలు అలా వచ్చినవే. మనం బెంగళూరు పెంకులు అని పిలిచే ఎర్రటి బల్లపరుపు పెంకుల కథ ఇంకొంచెం తమాషా. నిజానికి అవి మంగళూరువి. 1865లో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ అక్కడ మొదటి ఫ్యాక్టరీ పెట్టింది. ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునే పెంక కాబట్టి కప్పు తేలిక, సర్దే పని తక్కువ. కానీ ఒక్క వరుసే. గూనపెంకలో ఉన్న రెండు పొరల గాలి అందులో లేదు. చల్లదనం కొంచెం తగ్గింది, చాకిరీ చాలా తగ్గింది. మన ఇళ్ల చరిత్రలో ఈ బేరం అప్పటినుంచీ జరుగుతూనే ఉంది.

ఆ బేరంలో పెద్దది స్లాబు.

మా వైపు ఊళ్లలో స్లాబు ఇళ్లు గట్టిగా లేవడం నా చిన్నతనంలోనే. దాన్ని మేము బిల్డింగ్ అనేవాళ్లం. "వాళ్లకు బిల్డింగుంది" అంటే పిల్లనివ్వడానికి ఇంకేం అడగక్కర్లేదు. ఉరవదు, కాలదు, పాము దిగదు. పైన మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, వడియాలు పెట్టుకోవచ్చు, చింతపండు పరచుకోవచ్చు. ఆడవాళ్లకు కొత్తగా ఒక ఆకాశం దొరికినట్టయింది. ఆ తరువాత కోతులు వచ్చాయి. వరంగల్ వైపు పల్లెల్లో పెంకుటిళ్లు ఖాళీ అయినదాంట్లో కోతుల పాత్ర చిన్నది కాదు. గుంపుగా వచ్చి పెంకలు ఒక్కొక్కటే లేపి, పగలగొట్టి, లోపలికి దిగి అన్నం గిన్నె ఎత్తుకుపోతుంటే ఎంతకాలమని కప్పించుకుంటారు? ఉన్నవాళ్లు స్లాబు వేసుకున్నారు, లేనివాళ్లు పెంకలు దింపి రేకులు వేసుకున్నారు. ఎండ విషయంలో అన్నింటికంటే అధ్వానం ఆ రేకులే. మధ్యాహ్నం రేకుల ఇంట్లో వంట చేసే మనిషి పరిస్థితి చెప్పనక్కర్లేదు.

స్లాబు ఎండలో ఏం చేస్తుందో మనకు వంటింట్లోనే తెలుసు. మందపాటి ఇనుప పెనం పొయ్యి మీద పెడితే కాగడానికి టైం పడుతుంది. స్టవ్ ఆపినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు అంతే. పొద్దంతా తాగిన ఎండను సాయంత్రం నుంచి కిందికి వదలడం మొదలుపెడుతుంది. సరిగ్గా మనం రాత్రి వంటకు నిలబడే వేళ, పిల్లలు చదువుకునే వేళ, ముసలివాళ్లు నడుం వాల్చే వేళ. ఫ్యాన్ వేస్తే కప్పు దగ్గరి వేడిగాలినే మన నెత్తిన పోస్తుంది. ఒకంతస్తు ఇంట్లో ఎక్కువ వేడి వచ్చేది కిటికీల్లోంచి కాదు, గోడల్లోంచి కాదు, నెత్తి మీది నుంచే. మట్టిగోడ వేడిని ఆపి ఆపి రాత్రికి వదిలినా ఆ రాత్రి మన పెద్దలు వాకిట్లో ఉన్నారు. మనం స్లాబు కింద తలుపులేసుకుని ఉన్నాం.

ఇళ్లకు ఎంత వేడి దిగొచ్చో లెక్క కట్టే కేంద్ర ప్రభుత్వ నియమావళి ఒకటి 2018 డిసెంబర్‌లో వచ్చింది. పేరు ఎకో నివాస్ సంహిత. అందులో కప్పు గుండా వేడి దాటే కొలత 1.2 మించకూడదు. మన మామూలు స్లాబుకు ఆ కొలత 3కు పైనే. అంటే ఉండాల్సిన దానికి రెండు రెట్లకు మించి వేడి దిగుతోంది. ఇల్లు కట్టే మేస్త్రీని ఈ మాట అడిగి చూడండి. కడ్డీ సైజు చెప్తాడు, సిమెంటు బ్రాండు చెప్తాడు, ఇది మాత్రం ఎవరూ అడగలేదంటాడు. నిజమే, ఎవరూ అడగలేదు. ఇల్లు కట్టేటప్పుడు మనల్ని పూజగది ఎటు, వంటగట్టు రంగేంటి అని అడుగుతారు. కప్పు గురించి అడగరు. ఆ కప్పు కింద ఎక్కువ గంటలు ఉండేది ఎవరో ఆలోచించండి.

స్లాబు వేడికి అందరికీ దొరికిన మందు కరెంటు. అది ఎక్కడినుంచి వస్తుందో మా ఆడబిడ్డ ఇంటికి పోతే కళ్లకు కనపడుతుంది. భూపాలపల్లి చుట్టూ సింగరేణి కాకతీయ గనులు, దగ్గర్లో చెల్పూరులో కాకతీయ థర్మల్ పవర్ ప్లాంటు. 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్లది, మొత్తం 1,100. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు ముప్పావు కిలో బొగ్గు కాల్చాలి. టన్నున్నర ఏసీ గంటకు ఒక యూనిట్ చొప్పున రాత్రి ఎనిమిది గంటలు తిరిగిందనుకోండి, తెల్లారేసరికి ఆరు కిలోల బొగ్గు కాలింది. మా ఆడబిడ్డ నవ్వుతూ అన్నది, "వదినా, మీకు చల్లగుండాలని మా ఊరు కాగుతున్నది" అని. నవ్వుతూనే అన్నది గానీ ఓపెన్‌కాస్టు పక్కన ఉండేవాళ్ల కిటికీ పట్టీల మీద వేలితో రాస్తే నల్లటి గీత పడుతుంది.

ఇక మా ఇంటి లెక్క. చాలామంది ఇళ్లల్లోనూ ఇదే నడుస్తుందని రాస్తున్నాను.

2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి వచ్చింది కదా. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఒక్క ఏసీ రాత్రికి ఎనిమిది యూనిట్లు తిన్నా నెలకు 240. ఫ్రిజ్, ఫ్యాన్లు, మిక్సీ, మోటారు ఏమీ కలపకముందే గీత దాటిపోయాం. అంటే ఏసీ ధర దుకాణంలో కట్టే 40 వేలు మాత్రమే కాదు, వేసవి నెలల్లో పోగొట్టుకునే సున్నా బిల్లు కూడా. మా కాలనీలో ఇద్దరు ముగ్గురు ఏసీ కొని, మే నెల బిల్లు చూసి, జూన్ దాకా దాన్ని ఆపి పెట్టారు. కొన్న వస్తువు గోడకు అలంకారమైంది.

ఏసీ వద్దని నేను అనను. మా మామయ్యకు గుండె జబ్బు. 45 డిగ్రీలు దాటిన రోజుల్లో అది సౌకర్యం కాదు, మందు లాంటిది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది పోయారో మనం చూశాం, వాళ్లలో ముసలివాళ్లెందరో. నా లెక్క ఒకటే. ముందు కప్పు, తరువాత ఫ్యాన్లు, ఆఖరున అవసరమైతే ఏసీ. కప్పు సరిచేసుకున్న గదిలో ఏసీ పెడితే అది కూడా తక్కువ తిరుగుతుంది. 24 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకుంటే ఇంకా తక్కువ.

కప్పు విషయంలో మన రాష్ట్రంలో పని మొదలైంది హైదరాబాద్ బస్తీలో. 2017లో బంజారాహిల్స్ దగ్గరి దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర వేసి చూశారు. పక్కిళ్లకన్నా లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి. జ్వరం 100కు, 102కు తేడా తెలిసినవాళ్లం మనం. ఆ తరువాత 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, వ్యాపార భవనాలకు, 600 గజాలు దాటిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి. మనలాంటి చిన్న ఇళ్లకు మన ఇష్టం. 2028కల్లా 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌కే. మిగతా 100లోనే మన జనగామలు, మానుకోటలు, భూపాలపల్లులు అన్నీ సర్దుకోవాలి. కాగితం మీద కూడా పట్నానికే పెద్దపీట. మనకు ఇష్టమైతే చేసుకోండని వదిలేశారు కాబట్టి ఆ ఇష్టపడేదేదో ఇంట్లో మనమే అనుకోవాలి.

ఆ పాలసీ తెచ్చినప్పుడు చదరపు మీటరుకు 300 రూపాయల ఖర్చని చెప్పారు. మా డాబా వెయ్యి చదరపు అడుగులు, అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఆ లెక్కన 28 వేలు. మా ఆయన వెంటనే "ఇంకో పన్నెండు వేలు వేస్తే ఏసీయే వస్తది గదా" అన్నాడు. నేను పైన రాసిన 240 యూనిట్ల లెక్క క్యాలెండరు వెనక రాసి చూపించాను. అత్తమ్మ మాత్రం "పైన సున్నం వెయ్యరాదు? ఇంత కథెందుకు?" అన్నది. ఆవిడ మాటే నెగ్గింది. మొదట పగుళ్లు పూడ్పించి, డాబా కడిగి, చిక్కటి సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేయించాం. కూలీతో కలిపి పెయింటు ఖర్చులో చాలా చిన్న భాగమే అయింది. సున్నానికి ఉన్న లోపం ఒక్క వానాకాలంలోనే కొట్టుకుపోవడం, ప్రతి మార్చిలో మళ్లీ వేయాలి. ఖరీదైన పెయింటు కొన్నేళ్లు ఉంటుంది గానీ జనగామ దుమ్ముకు అది కూడా మాసిపోతుంది, కడగకపోతే ఎండను తిప్పికొట్టడం తగ్గిపోతుంది. డబ్బులుండి ఒకేసారి తేల్చుకోవాలనుకుంటే తెల్లటి టైల్స్ ముక్కలు పరిపించుకోవడం మేలు. జారకుండా గరుకువి చూసుకోండి, వడియాల పళ్లెంతో నడిచేది మనం. వీటితోపాటు పడమటి వైపు పందిరి మీదికి సొరతీగ పాకించాం. కాయలు కూడా వచ్చాయి.

తరువాత ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. ఒక్కోదానికి 45 వాట్ల తేడా. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు దాదాపు 65 యూనిట్లు మిగులుతాయి. 200 గీత దగ్గర ఊగిసలాడే ఇంటికి ఆ 65 ఎంత పెద్దదో చెప్పక్కర్లేదు. 2023 జనవరి నుంచి ఫ్యాన్లకు కూడా స్టార్ గుర్తు తప్పనిసరి చేశారు. కాబట్టి దుకాణంలో రెక్కల డిజైన్ చూసేముందు ఆ చుక్కలు లెక్కపెట్టండి.

సోలార్ సంగతి చాలామంది అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేలు సబ్సిడీ. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల డాబా కావాలి. గృహజ్యోతిలో సున్నా బిల్లు వచ్చే ఇంటికి దాని అవసరం తక్కువ. నెలకు 300, 400 యూనిట్లు కాల్చే ఇళ్లకు బాగా పనికొస్తుంది. ఎవరూ చెప్పని లాభం ఒకటుంది. పలకల నీడ పడ్డంత మేరా స్లాబు కాగదు. పెట్టించుకునేవాళ్లు స్టాండు మనిషి ఎత్తుకు పైన పెట్టించుకోండి, కింద బట్టలారేసుకోవచ్చు. నేల మీద ఆనించి పెట్టిస్తే మన మిరపకాయలకు చోటుండదు.

ఊళ్లో పాతిల్లు సంగతి ఇంతకంటే కష్టంగా తేలింది.

గూనపెంకుటిల్లు ముందు భాగం రెండేళ్ల కింద వానలకు కూలింది. వెనక రెండు అర్రలు గట్టిగానే ఉన్నాయి. మా మరిదివాళ్లు అక్కడే ఉంటారు. వాళ్లకు ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. ఐదు లక్షలు దశలవారీగా ఇస్తారు, ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య ఉండాలి, మంజూరు ఇంటి ఇల్లాలి పేరు మీద. పాతిల్లు మొత్తం తీసేసి కట్టాలని మరిది. "దాన్ని పడగొడితే అంత చల్లని ఇల్లు మళ్లీ కడతారా?" అని మా ఆయన. పట్నంలో ఉండి పండుగలకు పోయే మాకు ఆ మాట అనడం తేలిక. నేను తోడికోడలి వైపు నిలబడ్డాను. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, ఆ పెంకల కింద గిన్నెలు పెట్టుకుని వానాకాలాలు గడిపింది తను. ఈ ఇంట్లో నాలుగు తరాల ఆడవాళ్లు గోడలు మెత్తారు గానీ కాగితం మీద ఒక్కరి పేరూ ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కబోతోంది. చల్లదనం పేరు చెప్పి దాన్ని ఆపమనడానికి నాకు నోరు రాలేదు.

అయితే కట్టేదేదో తెలివిగా కట్టమని మాత్రం గట్టిగానే చెప్పాను. వెనక రెండు అర్రలు అలాగే ఉంచి, కూలిన ముందు జాగాలో కొత్తది వేయడానికి అందరూ ఒప్పుకున్నారు. స్లాబులో కింది వైపు పెంకలు అమర్చి కాంక్రీటు తగ్గించే పద్ధతి ఒకటుంది, కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు అట్లా చాలా ఇళ్లు కట్టాడు. పెంకల కుప్ప మా కళ్ల ముందే ఉంది కదా అని మేస్త్రీకి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. తనకు అలవాటు లేదన్నాడు, బిల్లు రాసే ఇంజనీరు ఒప్పుకోకపోతే ఎవరిది బాధ్యత అన్నాడు. అందులో న్యాయముంది, పట్టుబట్టలేదు. స్లాబు మామూలుగానే వేసి, పైన ఇటుక ముక్కలు సున్నంలో పరిచి, గచ్చు చేసి, తెల్లగా ముగించడానికి ఒప్పుకున్నాడు. వాళ్ల తాత దిమ్మిసతో మిద్దెలు కొట్టేవాడట, ఆ పని తాను చిన్నప్పుడు చూశానని ఆయనే చెప్పాడు.

పాత పెంకల్లో బాగున్నవి ఏరి వెనక అర్రల మీదికి ఉంచుకున్నాం. ఊళ్లో గూనపెంక చేసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. కూలిపోయిన ఇళ్లవి ఏరుకుంటేనే దొరికేది. కోతులకోసం వాటి మీద ఇనుప జాలీ బిగించాలని మరిది ఆలోచన.

కొత్తింటికి ముగ్గు పోసే రోజు మేమూ పోయాం. పంచాయతీ కార్యదర్శి టేపు పట్టుకున్నాడు, మేస్త్రీ సుతిలి కట్టాడు. వంటింటి కిటికీ పడమటికి పెట్టబోతుంటే తోడికోడలు ఆపింది. "సాయంత్రం పొయ్యి కాడ నిలవడేది నేను. ఆ ఎండ నా మొకం మీదికి ఎందుకు?" అని చేతిలోని డబ్బాలోంచి పిడికెడు ముగ్గు తీసుకుని, తూర్పు గోడ వచ్చేచోట తనే గీత పోసింది.